కవిశిక్షయు విశ్వవిద్యాలయమును : అయోవా ప్రయోగము

కవి పుట్టవలసినదే కాని నేర్పిన నేర్చుట కలదా యను ప్రశ్న మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. మమ్మటుడు కావ్యప్రకాశమునందు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడింటిని కలిపి కావ్యహేతువుగా చెప్పెను. అందు అభ్యాసము కావ్యజ్ఞుల శిక్షణలో జరుగవలసినది. రాజశేఖరుని కావ్యమీమాంస, క్షేమేంద్రుని కవికంఠాభరణము కవికి కావలసిన శిక్షను వివరించు గ్రంథములే. కావున కవిత్వమునకు బోధన కలదనుట మనకు వింత కాదు. రచించిన కావ్యమునే విశ్వవిద్యాలయ పట్టమునకు ప్రమాణముగా గ్రహింపవచ్చునా యనునది వేఱు ప్రశ్న. దానికి అమెరికాయందలి అయోవా విశ్వవిద్యాలయ మిచ్చిన సమాధానమును ఇచ్చట పరిశీలింతుము.

పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికా విశ్వవిద్యాలయములలో ఉన్నత సాహిత్యాధ్యయన మనగా ప్రధానముగా జర్మను పద్ధతి ననుసరించిన భాషాచరిత్ర పరిశోధనమే. శబ్దవ్యుత్పత్తి, పాఠపరిష్కరణము, మూలాన్వేషణము పండితునికి లక్షణములు. రచనాభ్యాసము బొత్తిగా లేకపోలేదు. హార్వర్డులో బారెట్ వెండెల్ విద్యార్థులచే దినదినము చిన్న రచనలు చేయించెను. అచ్చటనే జార్జి పియర్స్ బేకర్ నడపిన నాటకరచన తరగతిలో 1914-15లో యూజీన్ ఓనీల్ చదివెను. అయోవాలో 1897లోనే పద్యరచనకు తరగతి యేర్పడెను. ఐనను ఇవి తరగతులు మాత్రమే. ఉన్నత పట్టము కోరువాడు పరిశోధన వ్యాసమునే సమర్పింపవలసి యుండెను.

1922లో అయోవా పట్టభద్ర కళాశాల డీను కార్ల్ సీషోర్ ఈ కట్టుబాటును సడలించి, సృజనాత్మక కృతులను సిద్ధాంతవ్యాసములకు బదులుగా స్వీకరింతుమని ప్రకటించెను. ఆయన సాహిత్యాచార్యుడు కాడు. సంగీతప్రతిభను కొలుచుటకు పరీక్షలు రూపొందించిన మనశ్శాస్త్రజ్ఞుడు. ప్రకటన ఆచరణకు వచ్చుటకు దాదాపు దశాబ్దము పట్టెను. పాల్ ఎంగిల్ ఎం.ఏ. పట్టమునకు సమర్పించిన కవితలు 1932లో యేల్ యువకవుల గ్రంథమాలలో ‘వోర్న్ ఎర్త్’ అను పేర అచ్చయ్యెను.

ఈ మార్పునకు సిద్ధాంతబలము చేకూర్చినవాడు 1930లో అచ్చటికి వచ్చిన నార్మన్ ఫోర్‌స్టర్. భాష, సాహిత్యచరిత్ర, విమర్శ, సృజన అను నాలుగును ఒకే సాహిత్యవిద్యకు అంగములని ఆయన మతము. 1936లో విల్బర్ ష్రామ్ అధ్యక్షతన రైటర్స్ వర్క్‌షాప్ అను రచనాశాల రూపొందెను. 1941లో ఫోర్‌స్టర్ ప్రభృతులు వెలువరించిన సాహిత్యాధ్యయన గ్రంథములో సృజనను గూర్చి ష్రామ్, విమర్శను గూర్చి ఆస్టిన్ వారెన్, సాహిత్యచరిత్రను గూర్చి రెనె వెల్లెక్ వ్రాసిరి. ఈ వెల్లెక్, వారెనులే 1949లో ‘థియరీ ఆఫ్ లిటరేచర్’ ప్రకటించిరి. మన విమర్శకులకు సుపరిచితమైన ఆ సిద్ధాంతగ్రంథమునకు కర్తలైన వారును, రచనాశాలను నెలకొల్పిన వారును ఒకే విద్యాలయమున సహాధ్యాపకులుగా నుండుట గమనింపదగినది. సృజనయు శాస్త్రమును అచ్చట పరస్పర విరోధులుగా ఆరంభింపలేదు.

1941 నుండి ఎంగిల్ రెండు దశాబ్దములకు పైగా రచనాశాలను పెంపొందించెను. ఫ్లానరీ ఓకానర్ 1947లో కథాసంపుటము సమర్పించి పట్టము పొందెను. అయోవాలో చదివిన వాలెస్ స్టెగ్నర్ 1946లో స్టాన్‌ఫర్డులో అట్టి శిక్షణనే ప్రారంభించెను. విద్యార్థి రచనను సహాధ్యాయులు ముందుగా చదివి వచ్చి చర్చించు పద్ధతి పెక్కు విద్యాలయములకు వ్యాపించెను. వ్యాప్తితోపాటు ఎడబాటును కలిగెను. ఫోర్‌స్టర్ 1944లో అయోవాను వీడెను. కాలక్రమమున రచనాశిక్షణము ప్రత్యేక పట్టముగా, పరిశోధనము వేఱొక మార్గముగా పెక్కుచోట్ల విడివడినవి. ఒకరు పూర్వకావ్యములను పఠింపక వ్రాయుదురనియు, మఱియొకరు వ్రాయుటలోని కష్టమెఱుగక తీర్పు చెప్పుదురనియు పరస్పరాక్షేపణలు బయలుదేరినవి.

వ్రాయుటను నేర్పలేమనియు, ఉన్న ప్రతిభను ప్రోత్సహింపగలమనియు అయోవా రచనాశాలయే చెప్పుకొనుచున్నది. ఇది మమ్మటుని విభాగమునకు దూరము కాదు: శక్తిని ఏ విద్యాలయమును ఈయజాలదు, నిపుణతాభ్యాసములకు మాత్రము తోడ్పడగలదు. మన తెలుగు శాఖలలో పరిశోధన పట్టమునకు రాజమార్గము నేటికిని సిద్ధాంతవ్యాసమే. సృజనకు చోటీయదలచిన శాఖ దానిని వేఱొక గదిలో నుంచక, వ్యాకరణ చ్ఛందో విమర్శల సరసనే నిలుపుట మేలని మా యభిప్రాయము. అయోవా తొలినాళ్ల చరిత్ర దానికి సాక్ష్యము.