చెలిమి, పోటీ, పేరు: సౌందర్య వర్తకంలో తొలినాటి స్త్రీలు

పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాల పాత ఇండ్లలో పండుగనాటి తలంటుకు కావలసిన సరంజామా అంగడిలో కొన్నది కాదు. పెసలు, శనగలు, కచ్చూరాలు, పసుపు చేర్చి విసిరిన సున్నిపిండి, కుంకుళ్ళు, సీకాయ, ఆముదపు దీపపు మసితో పట్టిన కాటుక - ఇవన్నీ ఇంటి ఆడవారి చేతి సరుకులు. ఏది ఎంత పాలు కలపవలెనో అత్త కోడలికి చెప్పినది. వదిన మరదలికి చెప్పినది. ఇరుగమ్మ పొరుగమ్మకు చెప్పినది. ఆ ఎరుకకు వెల లేదు. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందువలననే కాబోలు, దానిని విద్య అని ఎవరూ అనలేదు. నేర్పినవారి పేరు ఎక్కడా వ్రాసిపెట్టనూ లేదు.

అటువంటి ఎరుక ఒక డబ్బాలోకి ఎక్కి, దానికొక పేరూ, ఒక వెలా ఏర్పడినప్పుడు ఆడవారి చెలిమి ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటకు మనం కొంత దూరం పోవలసి ఉన్నది. 1900 ప్రాంతంలో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఈ మార్పు ఇద్దరు నల్లజాతి స్త్రీల జీవితాలలో కండ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

మొదటి ఆమె ఆనీ టర్న్‌బో. 1869లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టినది. తల్లిదండ్రులు బానిసత్వం నుండి బయటపడినవారు. చిన్ననాడే వారిని పోగొట్టుకొని అక్క చేతిలో పెరిగినది. రసాయన శాస్త్రమంటే ఆమెకు మక్కువ. అనారోగ్యం వలన బడిచదువు సాగలేదు. అయినా తలకు పూసే మందులను తానే తయారుచేసి, 1902లో సెయింట్ లూయిస్ చేరి, ముగ్గురు సహాయకురాండ్రతో ఇంటింటికీ తిరిగి అమ్మసాగినది.

రెండవ ఆమె సారా బ్రీడ్‌లవ్. 1867లో లూయిజియానాలో పుట్టినది. ఏడవ ఏట అనాథ. పదునాలుగవ ఏట పెండ్లి. ఇరువదవ ఏట వైధవ్యం. చంటిబిడ్డను చంకనెత్తుకొని, క్షురకవృత్తిలో ఉన్న అన్నల నీడను వెదకికొంటూ సెయింట్ లూయిస్ వచ్చినది. పరుల బట్టలు ఉతికి పొట్టపోసుకొన్నది. నీటి వసతి అరకొర, సబ్బులు ఘాటైనవి, తిండి చాలీచాలనిది. ఆమె జుట్టు రాలిపోసాగినది. ఆనాటి పేద స్త్రీలలో ఇది సర్వసాధారణమైన బాధ. మనం అలంకారమని తేలికగా అనే వస్తువు వారి పాలిటికి మొదట ఔషధం, తరువాతనే అలంకారం.

ఆనీ మందు సారాకు గుణమిచ్చినది. వాడినామె అమ్మేవారిలో ఒకతె అయినది. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. నల్లజాతి స్త్రీల సరుకును ఆదరించే అంగళ్ళు ఆనాడు అరుదు. కనుక ఆనీ ఒక ఉపాయం పన్నినది. ఇంటికి పోయి, ఉచితంగా తలకడిగి, మందు పూసి చూపి, మేలు కనిపించిన తరువాత అమ్మడం. కొన్నవారికే పని నేర్పి వారిని అమ్మకందార్లుగా చేయడం. పెట్టుబడి పెట్టుటకు ధనం లేనిచోట ఒక స్త్రీకి మరొక స్త్రీపై గల నమ్మకమే పెట్టుబడి అయినది.

1905లో సారా డెన్వర్ నగరానికి పోయినది. మొదట ఆనీ సరుకునే అమ్మినది. 1906లో చార్లెస్ జోసెఫ్ వాకర్ అనే ఆయనను పెండ్లాడి, "మేడమ్ సి. జె. వాకర్" అనే పేరుతో సొంత సరుకును దింపినది. అనుకరణలను నమ్మవద్దని ఆనీ పత్రికాముఖంగా హెచ్చరించినది. ఆ ఏడాదే "పోరో" అనే పేరును తన సరుకుకు వ్యాపార చిహ్నంగా నమోదు చేయించినది. గురుశిష్యులవంటి వారు ప్రత్యర్థులైనారు.

ఇందులో తప్పెవరిది? న్యాయంగా చూచితే ఇరువురి మందులలోనూ ముఖ్యద్రవ్యం గంధకమే. మాడు జబ్బులకు గంధకం వాడడం వారికి ముందే లోకం ఎరిగినది. కావున యోగం ఏ ఒక్కరి సొంతమనీ చెప్పలేము. ఇల్లిల్లూ తిరిగి, నేర్పి, నమ్మకాన్ని సరుకుతోపాటు అందించే పద్ధతి మాత్రం సారా ఆనీ వద్ద నేర్చినదే. ఆ ఋణం చిన్నది కాదు. సారాకు ఆమె పాత్ర ఆమెకున్నది. ఉతికిన బట్టల మూటతో బ్రదుకు వెళ్ళిపోవలసిన స్త్రీ ఇతరుల పేరుమీద ఎన్నాళ్ళు అమ్మగలదు?

ఒక చెలిమి చెడినంత మాత్రాన సారా ఒంటరి కాలేదు. సెయింట్ లూయిస్ చర్చిలోని స్త్రీలు, ఉపాధ్యాయిని జెస్సీ రాబిన్సన్ వంటి స్నేహితురాండ్రు ఆమెలో ధైర్యం నింపినారు. 1910లో ఆమె ఇండియానాపొలిస్‌లో స్థిరపడినది. అక్కడి కర్మాగారాన్ని చూచుకొన్న ఆలిస్ కెల్లీ కూడ పూర్వం ఉపాధ్యాయినియే. బడిచదువు అంతగా లేని యజమానురాలికి చదువూ, సభామర్యాదా నేర్పినది ఆమెయే. జీతం తీసికొనే స్త్రీ జీతమిచ్చే స్త్రీకి గురువైనది.

1917 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో వాకర్ ఏజెంట్ల మహాసభ జరిగినది. రెండు వందలకు పైగా స్త్రీలు వచ్చినారు. ఎక్కువ సరుకు అమ్మినవారికే గాక, ఎక్కువ దానధర్మాలు చేసినవారికి కూడ బహుమతులిచ్చినారు. అంతకు ముందునెలలో తూర్పు సెయింట్ లూయిస్‌లో నల్లజాతివారిపై మారణకాండ జరిగి ఉన్నది. మూకహత్యలను అరికట్టవలెనని ఆ సభ దేశాధ్యక్షుడు విల్సన్‌కు తంతి పంపినది. తలనూనె అమ్ముకొనేవారు రాజ్యాన్ని నిలదీసినారు.

ఆనీ కూడ వెనుకబడలేదు. 1914లో వివాహమై ఆనీ మలోన్ అయినది. 1918లో సెయింట్ లూయిస్‌లో "పోరో కళాశాల" అనే మహాసౌధం కట్టినది. శిక్షణాలయం, కర్మాగారం, సభామందిరం, వసతి అన్నీ అందులోనే. 1927లో విడాకుల తగవులో భర్త వ్యాపారంలో సగం తనదన్నాడు. అప్పుడు ఆమె పక్షాన నిలిచినవారిలో విద్యావేత్త మేరీ మెక్‌లియోడ్ బెథ్యూన్ ఒకరు. 2 లక్షల డాలర్లిచ్చి ఆనీ తన సంస్థను దక్కించుకొన్నది.

శ్వేతజాతి స్త్రీల వర్తకంలోనూ ఈ కథే మరొక రూపంలో జరిగినది. 1909లో న్యూయార్కులో ఫ్లోరెన్స్ గ్రాహమ్, ఎలిజబెత్ హబ్బర్డ్ కలిసి ఒక సౌందర్యశాల తెరచినారు. ఏడాది తిరగకుండానే విడిపోయినారు. ఫ్లోరెన్స్ తన పాత పేరు వదలి, పోయిన భాగస్వామి పేరునే నిలుపుకొని, "ఎలిజబెత్ ఆర్డెన్" అయినది. ఆ పేరు లోకమంతటా తెలుసు. ఆ పేరులో సగమిచ్చిన హబ్బర్డ్ ఎందరికి తెలుసు?

వాకర్ 1919లో, ఆనీ 1957లో మరణించినారు. వాకర్ స్మృత్యర్థం 1998లో అమెరికా తపాలా బిళ్ళ వెలువడినది. 2020లో ఆమె జీవితం ఆధారంగా వచ్చిన ధారావాహికలో ఆనీని పోలిన పాత్రకు వేరు పేరు పెట్టి, ప్రతినాయికగా చిత్రించినారు. త్రోవ తీసిన ఆమె పేరును కథలోనుండే తీసివేసినారు.

ఈ గాథ మనకెందుకని శ్రోతలు అడుగవచ్చును. ధర్మవరం పట్టుచీరకు ఊరి పేరున్నది. అంగడి పేరున్నది. ఇంట కూర్చుండి నూలు తోడి, కండెలు చుట్టిన ఇల్లాలి పేరు చీర ఏ కొసనా లేదు. హిందూపురం మార్కెట్టుకు వచ్చే పట్టుగూళ్ళ వెనుక రేయింబవళ్ళు పురుగులకు ఆకు వేసిన ఆడుచేతులెన్నో ఉన్నవి. పెనుకొండకు అల్లంత దూరాన చెన్నేకొత్తపల్లి చుట్టుపట్ల 1990 దశకం నుండి పల్లె స్త్రీలు పొదుపు సహకార సంఘాలు నడుపుతున్నారు. అక్కడ ఎవరి జమ ఎంతో, ఎవరి అప్పు ఎంతో పేరు పేరునా పుస్తకంలో ఉంటుంది.

ఆనీకీ సారాకూ నడుమ లేకపోయినది అటువంటి పుస్తకమే. ఎవరు నేర్పినారు, ఎవరు నేర్చినారు, లాభంలో ఎవరి పాలెంత అన్న మాట ముందుగా వ్రాసుకొని ఉంటే ఆ ఇరువురూ విడిపోకుండిరని చెప్పజాలము. విడిపోయినా, నేర్పిన ఆమె పేరు మాత్రం చెరిగిపోకుండెడిది. స్నేహితురాండ్రు కలిసి వ్యాపారానికి పూనుకొన్నప్పుడు లెక్కలు వ్రాసుకోవడం అపనమ్మకానికి గుర్తని మన ఇండ్లలో ఇంకనూ భావిస్తూనే ఉన్నారు. ఒకరి కష్టాన్ని మరొకరు మరువకుండునట్లు చేసేది కూడ ఆ లెక్కయే.