గుర్రాల కన్నా ముందు ఒక బీరు పీపా

1631 మే నెలలో జర్మనీలోని మాగ్డెబుర్గ్ నగరాన్ని చక్రవర్తి సేనలు దోచుకుని తగలబెట్టాయి. దాదాపు 20,000 మంది చనిపోయారు. బతికి బట్టకట్టినవాళ్లలో 28 ఏళ్ల ఇంజనీరు ఒకాయన ఉన్నారు, పేరు ఆటో ఫాన్ గెరికే. లైడెన్‌లో గణితం, కోటల నిర్మాణం చదివొచ్చిన మనిషి. బూడిదైన ఊరికి మళ్లీ వీధులు గీసే పనిలో పడ్డారు. 1646లో మేయరయ్యారు.

ఊరి బాగోగుల మధ్య ఆయన్ని ఒక ప్రశ్న వదల్లేదు. ఏమీ లేని చోటంటూ ఒకటి ఉంటుందా? ప్రకృతికి శూన్యం గిట్టదని అరిస్టాటిల్ నాటి నుంచీ పండితుల మాట. వాదన ఎందుకు, తోడి చూద్దామనుకున్నారు గెరికే.

బీరు పీపా నిండా నీళ్లు పోసి, సందులు బిగించి, అడుగున ఇత్తడి పిచికారీ తగిలించారు. వసంతాలాడే పిచికారీ లాంటిదే, కాకపోతే మంటలార్పేది. కాలిపోయిన ఊరి మేయరుకు ఆ పనిముట్టే తోచడంలో వింతేమీ లేదు. ముగ్గురు బలశాలులు కాడ పట్టి లాగితే నీళ్లొచ్చాయి. కానీ లోపల సలసల కాగుతున్న చప్పుడు! చెక్క సందుల్లోంచి గాలి దూరిపోతోంది. ఆ పీపాను నీళ్లున్న పెద్ద పీపాలో ముంచి మళ్లీ లాగించారు. ఈసారి పిట్ట కూతలాంటి సన్నని చప్పుడు, మూడు రోజుల పాటు. చెక్కతో లాభం లేదని తేలింది.

రాగి గోళం చేయించి, నీళ్ల జోలికి పోకుండా నేరుగా గాలినే లాగించారు. మొదట సులువుగానే కదిలింది. తర్వాత ఇద్దరు పట్టినా కాడ జరగలేదు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో గోళం గుడ్డలా నలిగిపోయింది, చుట్టూ ఉన్నవాళ్లు హడలిపోయారు. గుండ్రతనంలో ఎక్కడో తేడా ఉందని గెరికే గ్రహించారు. సరైన గుండ్రంతో చేయించిన రెండో గోళం నిలబడింది. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది.

పాఠ్యపుస్తకాల్లో కనబడేది మాత్రం 1657 నాటి తమాషా. రెండు అర్ధగోళాలు, మధ్య మైనం పట్టించిన తోలు పట్టీ, పక్కకు ఎనిమిదేసి గుర్రాలు. లోపలి గాలి తోడేశాక, గుర్రాలు ఎంత లాగినా బయటి గాలి ఒత్తిడే ఆ అర్ధగోళాలను విడిపోనివ్వలేదు. నిజానికి ఒక వైపు గోడకు కట్టేసినా లాగుడు అంతే పడుతుంది, ఎనిమిది గుర్రాలు చాలు. ఆ సంగతి అలా ఉంచితే, గోడను చూడ్డానికి జనం వస్తారా?