బదులు

అరబ్బీ 'బదల్' హిందుస్తానీ మీదుగా వచ్చి మన 'బదులు' అయింది. చేబదులు, బదులివ్వడం, అతనికి బదులు ఇతను: మేడ్చల్, శామీర్‌పేటల్లో రోజూ నోట నలిగే మాటే.

ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో గాయపడినవాడికి బదులు ఇంకొకర్ని దించే వీలు 1970లోగానీ రాలేదు. ఆ కాలంలోనే, 1962 జకార్తా ఏషియాడ్‌లో మన హైదరాబాదీ కోచ్ రహీమ్, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో నిలిపారు. ఫైనల్లో అతను గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. ఇప్పటి మేడ్చల్ జిల్లా అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టువాడే.

జర్నైల్‌ది ఎంత తెగువైనా, ఇవాళ తలకు దెబ్బతో అలా ఆడించకూడదు. తలకు దెబ్బ తగిలితే అదనంగా బదులు ఆటగాణ్ని దించే వీలు 2024 నుంచి నిబంధనల్లోనే ఉంది. పిల్లల్ని ఆడించే కోచ్‌లూ, వెంటనే బదులు దించండి.