బొమ్మల కథలు – చెప్పుకొనువారు



కథ పుట్టుటకు కవి యొక్కడు చాలును. అది బ్రదుకుటకు మాత్రము కవి చాలడు. “కథ బాగున్నది, నీవును చూడుము” అని పొరుగువానితో ననువాడొకడు కావలెను. “ఏమి బాగున్నది? ఎవరికి బాగున్నది?” అని యెదురడుగువాడు మరియొకడు కావలెను. ఈ యిరువురును లేనినాడు ఎంత గొప్ప కథయైనను పెట్టెయడుగున బడి చెదలపాలగును. నేడు నేను మీతో ముచ్చటింపదలచినది ఈ చెప్పుకొనువారి చరిత్రము. అందును బొమ్మలతో నడచు కథలను గూర్చి చెప్పుకొనువారి చరిత్రము.

భద్రాద్రి యడవి యంచున నున్న మా పల్లెలకు పండుగ సెలవులలో ఖమ్మమునుండియు హైదరాబాదునుండియు విద్యార్థులు వత్తురు. సాయంకాలము రచ్చబండ చేరి వారు మాటలాడుకొనునది పెక్కుమారులు జపానుదేశపు కదలుబొమ్మల కథలను గూర్చియే. వీనికి ‘అనిమే’ యని పేరు. ‘యానిమేషన్’ అను ఇంగ్లీషు మాటను కుదించి జపానువారు ఈ పేరు చేసికొనిరి. “క్రొత్తది మొదలైనది, చూచితివా?” అని యొకడడుగును. “మూడు భాగములు చూచిన పిమ్మట నా మాట చెప్పెదను” అని మరియొకడనును. ప్రక్కనున్న పెద్దలు “మీసములు వచ్చినవారికి బొమ్మల పిచ్చి యేమి?” అని నవ్వుదురు. నేను బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. చిన్ననాట గురువులయొద్ద కావ్యములును కొంత శాస్త్రమును చదివినవాడను. ఆ పిల్లల వాదము వినగా నాకు నవ్వు రాలేదు. మన పూర్వులు గుర్తునకు వచ్చిరి. ఏలయో మనవి చేసెదను.

తోలుబొమ్మలాట మన జాతికి మిక్కిలి పాతది. పదమూడవ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటలను పేర్కొనినాడు. మేక, జింక, దున్న తోళ్లను పలుచగ చేసి, రంగులు వేసి, తెల్లని తెరవెనుక ఆముదపు దీపముల వెలుగున ఆడించెడివారు. గోన బుద్ధారెడ్డి ద్విపద రంగనాథ రామాయణము ఈ యాటకు ఆయువుపట్టు. జుట్టుపోలిగాడును బంగారక్కయు నడుమ నడుమ వచ్చి నవ్వించెడివారు. ఆట తెల్లవార్లు సాగెడిది. మరునాడు బావికడ, కళ్లములో దానిని గూర్చియే మాట. రావణుడు చచ్చునని యెరుగనివాడు ఊరిలో నొక్కడును లేడు. కావున “ఏమి జరిగెను?” అని యెవరును అడుగరు, “లంకాదహనము ఈ మేళమువారు బాగుగ నాడించిరా, నిరుటివారు బాగుగ నాడించిరా?” అని వాదము. ఆ వాదములో గెలిచిన మేళమునకే మరుసటి యేడు పిలుపు.

మన తెలంగాణమున చేర్యాల నకాశీవారి పటములున్నవి. గుడ్డకు గంజియు సుద్దమట్టియు చింతగింజల బంకయు పూసి, దానిపై కథను వరుస గడులుగా వ్రాయుదురు. కథకుడు చుట్టను విప్పుచు గడి తరువాత గడి చూపి పాడును. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, రజకులకు మడేలు పురాణము, ఇట్లు ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పటకథ. అంతకంటెను మనకు దగ్గరిది కోయల పడిగె. వేల్పుల కొలుపులందు డోలీలు ఆ గుడ్డను విప్పి, దానిపైనున్న బొమ్మలను చూపుచు వంశకర్తల చరిత్రము పాడుదురు. అట్టి గాయకులలో మణుగూరు ప్రాంతపు కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు ప్రసిద్ధులు. సమ్మక్క సారలమ్మల గాథను, కోయ వీరుల గాథలను కోయభాషలోను తెలుగులోను పాడగలవారు. 2022లో వారికి పద్మశ్రీ పురస్కారము వచ్చినది. 2024 జూనులో వారు కీర్తిశేషులైరి. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీని కడకు వత్తును.

ఇక జపాను సంగతి. ఆ దేశమునను చిత్రపటములను విప్పుచు కథ చూచు అలవాటు బహుకాలమునుండి కలదు. 1930 ప్రాంతమున తోక్యో వీథులలో ఒక క్రొత్త వృత్తి పుట్టినది. దానిపేరు కమిషిబాయి, అనగా కాగితపు నాటకము. సైకిలుపై కొయ్యపెట్టె నొకదానిని కట్టుకొని కథకుడు వచ్చును, కొయ్యపలకలు తట్టి పిల్లలను పిలుచును, మిఠాయి యమ్మును, పిమ్మట పెట్టెలో బొమ్మల అట్టలను ఒకటొకటిగా మార్చుచు కథ చెప్పును. నాయకుడు కొండకొమ్మున వ్రేలాడుచుండగా కథ నాపి “తక్కినది రేపు” అని పోవును. ఆ రాత్రియెల్ల పిల్లలకు అదే చర్చ. 1953లో ఆ దేశమున టెలివిజను వచ్చినప్పుడు, ప్రజలు దానిని విద్యుత్తు కమిషిబాయి యని పిలిచిరట! 1963 జనవరి 1వ తేదీన ఒసాము తెజుకా యను చిత్రకారుడు ‘ఆస్ట్రో బాయ్’ అను యంత్రబాలుని కథను వారమునకొక భాగముగా టెలివిజనులో మొదలుపెట్టెను. నేటి అనిమే వరుసలకు అదియే దారి చూపినది. ఈ తెజుకాయే 1972 మొదలు 1983 వరకు మన గౌతమబుద్ధుని చరిత్రమును బొమ్మల కథగా వ్రాసెను.

ఈ కథలలో పెక్కింటికి మూలము అచ్చుపత్రికలలోని బొమ్మల ధారావాహికలు. 1968లో స్థాపింపబడిన ‘షోనెన్ జంప్’ అను పత్రికవారు ప్రతి సంచికతో పాఠకులకు ఒక కార్డు నిత్తురు. ఏ కథ నచ్చినదో దానిపై వ్రాసి పంపవలెను. పిల్లల మెప్పు పొందని కథ కొలదివారములలోనే ఆగిపోవును. అచ్చట పాఠకుడు వట్టి శ్రోత కాడు, తీర్పరి.

ఇది మనకు క్రొత్త కాదు. 1947 జూలైలో బి. నాగిరెడ్డిగారును చక్రపాణిగారును మద్రాసునుండి ‘చందమామ’ను ప్రారంభించిరి. 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యముగారు అందు పన్నెండు ధారావాహికలు వ్రాసిరి. ‘చిత్రా’ గారు బొమ్మలు వేసిరి. రచయిత పేరు పత్రికలో నుండెడిది కాదు. అయినను ఆ కథలను ప్రేమింపని యిల్లు లేదు. నా బాల్యమున మా యూరికి ఒక్క ప్రతి వచ్చెడిది. చదువు వచ్చినవాడు పైకి చదువుట, పదిమంది వినుట. పిమ్మట నెలదినములును “మాంత్రికుడు బ్రదికియున్నాడా, చచ్చెనా?” అని వాదము. ముందుగా చదివినవాడు నోరు జారినయెడల వానికి ఆ వారము ఆటలో చోటు లేదు! చక్రపాణిగారికి ఈ మాంత్రికుల కథలపై అంత మక్కువ లేక, ఒకతరి వానిని మాన్పి బంకించంద్రుని నవలలను వేయించిరి. అవి గొప్ప నవలలే. కాని పిల్లలకు రుచింపలేదు. పాఠకుల మాటయే నెగ్గి దాసరివారి కథలు మరల వచ్చినవి. 2010లో వారు గతించిన పిమ్మట, నాటి పిల్లలే పెద్దవారై, ఆ కథలను వెదకి కూర్చి, పుస్తకములుగా వెలువడునట్లు చేసిరి. ఒక కథను చెప్పుకొనువారి బలము అట్టిది.

మన భద్రాద్రికి మరింత దగ్గరి యుదాహరణ మొకటి చెప్పెదను. యూగో సాకో యను జపానువాడు 1983లో మన దేశమున బి. బి. లాల్ గారి త్రవ్వకములను గూర్చి చిత్రము తీయవచ్చి, రామాయణ మను పేరు విని, తన భాషలోనున్న రామాయణములను పెక్కింటిని తెప్పించి చదివెను. ఈ కథను బొమ్మలతోనే తీయవలెనని నిశ్చయించుకొనెను. ఆ వార్త పత్రికలకెక్కగానే విశ్వహిందూ పరిషత్తు జపాను రాయబార కార్యాలయమునకు నిరసన తెలిపినది. దేవుని బొమ్మలాటగా చూపుట తగదని వారి మాట. సాకో సమాధాన మేమనగా: దేవుని వేషము మనిషి వేసినయెడల ఆ మనిషియే కనబడును, బొమ్మలో నట్టి చిక్కు లేదు. తోలుబొమ్మలాడించిన మన తాతలు ఈ మాట విన్నయెడల తల యూపియుందురు గదా! తుదకు సాకో, కోయిచి ససాకి యనువానితోను, మన దేశపు రామమోహన్ గారితోను కలిసి చిత్రము పూర్తిచేసెను. సుమారు 450 మంది చిత్రకారులు, లక్షకు చేరువగా చేతితో వ్రాసిన బొమ్మలు, రెండుగంటల పదునైదు నిమిషముల నిడివి. 1993 జనవరిలో ఢిల్లీలో అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శించిరి.

అయినను అది నాడు మన సినిమాహాళ్లలో అందరికిని అందలేదు. పిమ్మట టెలివిజనులో అప్పుడప్పుడు వచ్చినది. చూచిన పిల్లలు మరువలేదు. తమ్ములకు చెప్పిరి, స్నేహితులకు చెప్పిరి, పెద్దవారై తమ బిడ్డలకు చెప్పిరి. ముప్పదిరెండేండ్లకు, 2025 జనవరి 24వ తేదీన, ఆ చిత్రమే క్రొత్త మెరుగుతో హిందీ, ఇంగ్లీషు, తమిళములతోపాటు తెలుగు మాటలతోను దేశమంతట విడుదలైనది. మన కథారచయిత వి. విజయేంద్రప్రసాదుగారు దానికి సలహాదారులు. సాకో 2012లోను రామమోహన్ గారు 2019లోను గతించిరి, దానిని చూడలేకపోయిరి. ముప్పదిరెండేండ్లు ఆ చిత్రమును బ్రదికించినది నోటిమాట.

దానిని చూచివచ్చిన పిల్లలు వాదములాడిరి. “వాల్మీకములో లేనిది వీరు కల్పించిరి” అని యొకడు, “కండ్లు అంత పెద్దవిగా నేల వ్రాసిరి?” అని యొకడు. పర్ణశాలలో బంగారులేడి బొమ్మను చూచి పెరిగినవారికి ఆ ఘట్టము ఎట్లు చూపిరో యను ఆత్రుత సహజమే. అప్పుడు నేను చెప్పితిని: రంగనాథ రామాయణమున సులోచన సహగమనమున్నది, ఉడుత భక్తి యున్నది, అవి వాల్మీకములో లేవు, అయినను తెలుగువారు వానిని విడువలేదు. మార్చినది దోషమా కాదా యనుట కాదు ప్రశ్న. మార్చినందువలన రసము పెరిగినదా తరిగినదా యనుట ప్రశ్న. పిల్లలు ఆ మాట పట్టుకొని మరియొక గంట వాదించిరి.

జపానులో క్రొత్త వరుసలు ఏటికి నాలుగుమారులు, జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మాసములలో మొదలగును. వారమునకొక భాగము చొప్పున పన్నెండో పదుమూడో భాగములు. అందు ఏది చూడదగినది? అన్నియు చూచుటకు ఆయువు చాలదు. కావున పిల్లలలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. మూడు భాగములైన చూడక మెచ్చరాదు, తిట్టరాదు. కథ చివర బయటపెట్టరాదు. ఎవరికి తగునో చెప్పవలెను. ‘డీమన్ స్లేయర్’ అను కథ కలదు. బొగ్గులమ్ము బాలుని కుటుంబమును రాక్షసుడు చంపును. మిగిలిన చెల్లెలు రాక్షసియై మారును. ఆమెను పెట్టెలో పెట్టి వీపున మోయుచు, మరల మనిషిని చేయు మందుకై అన్న తిరుగును. దాని పెద్ద సినిమా యొకటి 2025 సెప్టెంబరు 12న తెలుగు మాటలతో మన హాళ్లకు వచ్చినది. “అన్నాచెల్లెండ్ల ప్రేమకై చూడుము, నెత్తురు మెండు గనుక మీ చిన్నతమ్ముని వెంట తీసికొనిపోవలదు” అని యొక విద్యార్థి మరియొకనితో ననగా వింటిని. తెలుగు మాటలతో చూడవలెనా, జపాను మాటలు వినుచు క్రింది అక్షరములు చదువవలెనా యని మరియొక వాదము. నన్నయ నాటినుండియు మూలమా, అనువాదమా యని మనము వాదించుచునే యున్నాము గదా!

శాస్త్రమున అనుబంధ చతుష్టయమని యొకటి కలదు. ఏ గ్రంథమునకైనను నాలుగు చెప్పవలెను: విషయమేమి, ప్రయోజనమేమి, ఆ రెంటికిని సంబంధమేమి, అధికారి యెవడు. అధికారి యనగా ఆ గ్రంథము చదువుటకు తగినవాడు. ఆ విద్యార్థి యొక్క వాక్యములో అన్నాచెల్లెండ్ల కథ విషయము. ప్రేమను చవిచూచుట ప్రయోజనము. ఆ కథవలననే ఆ చవి కలుగుట సంబంధము. చిన్నతమ్ముడు అధికారి కాడు. శాస్త్రము పేరు వానికి తెలియదు. శాస్త్రము పని వాడు చేసినాడు. నేను బడిలో ఇన్నేండ్లు చెప్పిన పాఠమును వాడు రచ్చబండపై చెప్పుచుండగా నవ్వుట యెట్లు?

కాని లోపమొకటి యున్నది. అది పిల్లలయందు కాదు, మనయందు. తోలుబొమ్మలాట చూచునప్పుడు తాతయు మనుమడును ఒక్క చాపపై కూర్చుండెడివారు. మనుమడు తప్పుగా తలచినయెడల తాత దిద్దెడివాడు. తాత నిద్రపోయినయెడల మనుమడు కథ చెప్పెడివాడు. నేడు మనుమడు సెల్‌ఫోనులో నొంటరిగా చూచుచున్నాడు. జపాను బొమ్మలన్నియు పిల్లలకు ఉద్దేశింపబడినవి కావు. క్రౌర్యముతోను, పసివారు చూడరాని దృశ్యములతోను నిండినవి పెక్కు కలవు. “ఇది నీ వయస్సునకు తగదు” అని చెప్పవలసినవాడు నవ్వి లేచిపోయినాడు. చెప్పుటకు చూచియుండవలెను గదా! చూడనివాని నిషేధమును పిల్లవాడు లెక్కచేయడు.

రెండవది మరింత బరువైనది. రామచంద్రయ్యగారి పాటను ప్రభుత్వము గుర్తించినది, పత్రికలు వ్రాసినవి. కాని మన యిండ్లలో ఎందరు పెద్దలు తమ మనుమనితో “పడిగె విప్పుచున్నారు, పోయి చూచి వత్తము” అని యన్నారు? జపాను కథను సముద్రము దాటించి మన రచ్చబండకు తెచ్చినది ఒక పిల్లవాడు మరియొకనితో చెప్పిన మాట. మన గోదావరి యొడ్డుననే యున్న కథ ప్రక్క వీథికి దాటలేకపోయినది, చెప్పిన నోరు లేక.

కావున నా మనవి. ఈ పండుగకు మీ మనుమడు బొమ్మల కథను గూర్చి మాటలాడినయెడల ప్రక్కన కూర్చుండుడు. ఆ నాలుగు ప్రశ్నలును అడుగుడు: ఏమి కథ? ఎందులకు చూడవలెను? చెప్పదలచినది ఆ కథవలన పొసగినదా? ఎవరికి తగును, ఎవరికి తగదు? మూడు భాగములు వానితో కలిసి చూడుడు; పిమ్మట మెచ్చుడు, కాదేని ఖండింపుడు. అటుపిమ్మట మీ వంతు. “నీది చూచితిని, ఇప్పుడు నాది చూడుము” అని వానిని డోలీల కొలుపునకో, ఎచ్చటనైన మిగిలియున్న బొమ్మలాటకో వెంట తీసికొనిపొండు. వాడును మూడు భాగములు చూచిగాని తీర్పు చెప్పడు. అది వాని కట్టుబాటే.