ఫురికాకే: అన్నం మీద చల్లుకునే జపాన్ నోరి పొడి, ఇంట్లో చేసుకునే విధానం

మన ఇళ్లలో కందిపొడి, నువ్వుల పొడి ఎలాగో జపాన్ ఇళ్లలో ఫురికాకే అలాగ. పైన చల్లడం అనే అర్థమున్న ‘ఫురికాకేరు’ అనే మాట నుంచి ఈ పేరు వచ్చింది. మనం పొడిని నెయ్యితో ముద్దగా కలుపుకుంటాం. వాళ్లు వేడి అన్నం మీద చెంచాడు చల్లి, కలపకుండానే తింటారు. అందుకే దీన్ని పిండిగా ఆడరు. నువ్వులు నువ్వులుగా, నోరి ముక్కలుగానే కనబడాలి. మిక్సీతో పని లేదు.

దీని పుట్టుక రుచి కోసం కాదు. తైషో కాలంలో, అంటే 1912–26 మధ్య, కుమమోతో ప్రాంతానికి చెందిన యోషిమారు సుఎకిచి అనే మందుల నిపుణుడు జనంలో కాల్షియం లోపాన్ని చూసి, చేపల ముళ్లను పొడి చేసి, నువ్వులు, గసగసాలు, నోరి కలిపి అన్నంలోకి ఇచ్చాడు. దానికి ‘గోహాన్ నో తోమో’, అంటే అన్నానికి నేస్తం, అని పేరు. తొలి ఫురికాకేగా ఎక్కువగా దీన్నే చెబుతారు.

నోరి అంటే ఒక రకం సముద్రపు నాచును కాగితంలా పలచగా ఆరబెట్టిన రేకు. వేసవిలో ఈ నాచు ఎక్కడ దాక్కుంటుందో చాలాకాలం ఎవరికీ తెలియదు, సాగు అదృష్టం మీద నడిచేది. గవ్వల పెంకుల్లో అది బతుకుతుందని 1949లో కాథ్లీన్ డ్రూ బేకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త బయటపెట్టింది. కుమమోతో ప్రాంతంలోని ఉతోలో ఆమెకు స్మారకం ఉంది.

ఇక తయారీ. నోరి రేకులు 5, తెల్ల నువ్వులు పావు కప్పు, నల్ల నువ్వులు ఒక చెంచా, సోయా సాస్ రెండు చిన్న చెంచాలు, చక్కెర ఒక చిన్న చెంచా, ఉప్పు పావు చిన్న చెంచా. నువ్వులను సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించాలి. సోయా సాస్, చక్కెర, ఉప్పు వేసి తడి పూర్తిగా ఇగిరేదాకా కలియబెట్టాలి. ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది, చక్కెర మాడితే చేదెక్కుతుంది. పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. నోరి రేకును మంట మీద కొన్ని క్షణాలు ఆడిస్తే పెళుసవుతుంది. కత్తెరతో సన్నగా కత్తిరించి, చల్లారిన నువ్వుల్లో చివరగా కలపాలి. వేడి మీద వేస్తే ఆవిరికి నోరి మెత్తబడుతుంది. పొడి నిలవుండడం, పాడవడం అంతా ఈ ఒక్క దగ్గరే.

కొనే ఫురికాకేలో చాలావాటిలో కత్సువోబుషి ఉంటుంది. ట్యూనా జాతి చేపను పొగబెట్టి, ఎండబెట్టి చెక్కిన పొరలవి. శాకాహారులు పొట్లం మీద రాసింది చూడకుండా కొనకూడదు. ఇంట్లో చేసుకుంటే ఆ బాధ లేదు. ఎండిన షిటాకే పుట్టగొడుగుల పొడి ఒక చెంచా వేస్తే ఆ రుచి చాలావరకు వస్తుంది. చేప తినేవారికి తల, తోక తీసి వేయించిన ఎండు రొయ్యల పొడి బాగుంటుంది, జపాన్‌లోనూ రొయ్యలు వేసే రకాలున్నాయి.

తమిళనాడులో మండపం, రామేశ్వరం తీరాన పెంచే నాచు నోరికి బదులు కాదు. అది జెల్లీ పదార్థం తీయడానికి వాడే జాతి, రేకుగా రాదు. కొంబు అనే మరో జపాన్ నాచును కలపమని కొందరు చెబుతారు. ఒక గ్రాము కొంబులోనే పెద్దవారికి రోజుకు కావలసిన 150 మైక్రోగ్రాముల అయోడిన్‌కు ఎన్నో రెట్లు ఉండవచ్చు. థైరాయిడ్ మందులు వాడేవారు, గర్భిణులు దాని జోలికి పోకపోవడం మేలు. నోరిలో అయోడిన్ చాలా తక్కువ. రక్తపోటు ఉన్నవారు విడిగా ఉప్పు వేయకండి, సోయా సాస్‌లో ఉన్నదే చాలు. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ కూడా ఉంటుంది, గోధుమ పడనివారు గమనించాలి.

గాలి చొరని పొడి సీసాలో మూడు వారాలు నిలవుంటుంది. తడి చెంచా పెట్టకూడదు. యానాం, గంజాం లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం సగం కొలతతో చేసుకోండి. మెత్తబడితే పొడి బాణలిలో సన్న సెగ మీద ఒక నిమిషం వేడి చేస్తే మళ్లీ కరకరలాడుతుంది. నువ్వుల నుంచి కారు వాసన వస్తే మాత్రం పారేయాలి.