జబ్బు పడిన రోజుల సంబళం: ఒక లెక్క కథ

మేము రైల్వేలో సంబళం బిల్లులు వేసే గుమాస్తాగా ఉండి రిటైరయ్యాము. చదివింది తమిళంలో, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.

కోయంబత్తూరు మిల్లుల్లో మన తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా పనిచేస్తున్నాయి. మా తాత కాలంలో జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు కూలి లేదు, అప్పు చేసి కంజి తాగడమే. 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలై, 1955లో కోయంబత్తూరుకు చేరింది. జబ్బు పడితే మిల్లు కాదు, ఈఎస్‌ఐ పైకం ఇస్తుంది.

అప్పటినుంచి మిల్లు గుమాస్తా పని మారిపోయింది. ఇదివరకు రాని రోజుకు హాజరు పట్టీలో గీత గీస్తే చాలు. ఇప్పుడు ఎవరికి ఎన్ని రోజుల చందా కట్టామో లెక్క చూపాలి. మా రైల్వేలో లెక్క వేరు. ఏడాదికి 20 రోజుల సగం జీతం సెలవు. డాక్టరు సర్టిఫికెట్టుతో పూర్తి జీతం కావాలంటే ఒక రోజుకు రెండు రోజులు ఖాతాలో తగ్గిస్తాము.

రూలు మారినప్పుడల్లా బిల్లు మారుతుంది. 2017 జనవరి నుంచి ఈఎస్‌ఐ సంబళం హద్దు 15,000 నుంచి 21,000కు పెరిగింది. 2019 జూలై నుంచి కార్మికుడి చందా 1.75 శాతం నుంచి 0.75కు తగ్గింది. 20,000 సంబళానికి 350 రూపాయల పట్టివేత 150 అయింది. కానీ ఒక షరతు అలాగే ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపల కనీసం 78 రోజుల చందా ఉంటేనే, తరువాతి జనవరి నుంచి జూన్ వరకు జబ్బు పైకం. మొదటి రెండు రోజులు వదిలి, సగటు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా.

కొన్నేళ్ల కిందట మా చుట్టాలబ్బాయికి ఫిబ్రవరిలో కామెర్లు వచ్చి నెల రోజులు మంచం పట్టాడు. 71 రోజులే ఉన్నాయి, పైకం రాదన్నారు. వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకొని మా ఇంటికొచ్చింది. సంబళం చీటీలన్నీ పరిచి కూర్చొని లెక్కపెట్టాము. ఆగస్టులో 9 రోజులు ఎక్కించడం మరిచారు. కలిపితే 80. మిల్లు ఆఫీసు సరిచేసింది. రోజు సగటు 500, అందులో 350 చొప్పున 28 రోజులకు 9,800 రూపాయలు చేతికొచ్చింది.

ఆ తల్లి చీటీలను పసుపు డబ్బాలో దాచకపోయుంటే ఏం చేసేవాళ్లము? చట్టం పైకం ఇస్తానంటుంది, చేతికి అందేది లెక్క సరిగ్గా ఉంటేనే. మన ఇళ్లలో మిల్లుకు, కంపెనీకి పోయే బిడ్డలకు చెప్పండి: నెలనెలా చీటీలో రోజులు సరిచూసుకోండి, పారెయ్యకండి. ఎవరికైనా సందేహముంటే చీటీలతో మా ఇంటికి రండి. కాఫీ తాగుతూ లెక్క చూద్దాము.