వాటర్లూ బొమ్మల కథ: 70 వేల సైనికులు, ఒక అప్పులపాలైన ఆఫీసర్

రెజిన్ సైనికుల బొమ్మలకి రంగులు వేసే వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. తల, చేతులు, తుపాకీ అన్నీ విడివిడి ముక్కలుగా వస్తాయి. అచ్చుకి రాసిన జిడ్డు పోయేలా సబ్బు నీళ్ళతో కడగాలి, అంచులు గీకాలి (మాస్క్ పెట్టుకునే గీకండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు), అతికించాలి, ప్రైమర్ కొట్టాలి. బొమ్మ చిన్నది కాబట్టి దాని మీద నీడలు సరిగ్గా పడవు. అందుకే కోటు మడతల్లో ముదురు రంగు, పైకి తేలిన చోట లేత రంగు మనమే వెయ్యాలి.

ఇదంతా చేతి పని. అసలు కష్టం వేరే ఉంది. ఈ సైనికుడు ఆ రోజు, ఆ టైమ్‌కి, ఎక్కడ నిలబడ్డాడు? పక్కన ఎవరున్నారు? ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఒక మనిషి జీవితమే తలకిందులైంది. ఇవాళ మనం చెప్పుకునేది ఆయన గురించే.

ఆయన పేరు విలియం సైబోర్న్. బ్రిటిష్ సైన్యంలో లెఫ్టినెంట్. 1815 జూన్ 18న వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాడని మనందరికీ తెలుసు. ఆ యుద్ధంలో సైబోర్న్ లేడు. కానీ 1830లో ఆ యుద్ధభూమికి పెద్ద మోడల్ తయారుచేసే పని ఆయనకి అప్పగించారు. ఆయన నేరుగా అక్కడికే వెళ్ళి, లా హే సాంత్ అనే పొలం ఇంట్లో ఎనిమిది నెలలు ఉండి నేలంతా కొలిచాడు.

తర్వాత ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. యుద్ధంలో ఉన్న ఆఫీసర్లకి ఉత్తరాలు రాశాడు. సాయంత్రం ఏడు గంటలప్పుడు మీ దళం ఎక్కడుంది? ఎదురుగా శత్రువు ఏ వరుసలో ఉన్నాడు? మీ ముందున్న పొలంలో ఏ పంట ఉంది? చూడండి, పంట కూడా అడిగాడు! నిలువెత్తు రై పైరులో ఎదుటివాడు కనపడడు కదా. అందుకే అది ముఖ్యం. వందల కొద్దీ జవాబులు వచ్చాయి. కొన్ని ఒకదానికొకటి పొసగవు కూడా. పదిహేనేళ్ళు దాటిన జ్ఞాపకాలు మరి.

ఇంతలో 1833లో ప్రభుత్వం డబ్బు ఆపేసింది. సైబోర్న్ ఆపలేదు, అప్పులు చేసి ముందుకెళ్ళాడు. సెంటీమీటరు ఎత్తుండే లోహపు బొమ్మలు, 70 వేలకి పైగా. ఒక్కో బొమ్మ ఇద్దరు సైనికులకి లెక్క. మోడల్ ఒక్కో పక్క సుమారు ఆరు మీటర్లు.

గొడవ వచ్చింది ప్రష్యన్ల దగ్గర. ఆ సాయంత్రం బ్లూషర్ నాయకత్వంలోని ప్రష్యన్ సైన్యం వచ్చి ప్లాన్స్‌న్వా ఊరి దగ్గర నెపోలియన్ కుడి పక్కన విరుచుకుపడింది. సైబోర్న్ లెక్క ప్రకారం ఏడు గంటలకి అక్కడ చాలామందే ఉన్నారు. కానీ అలా చూపిస్తే గెలుపులో వాళ్ళ వాటా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. బ్రిటన్‌లో వాటర్లూ అంటే వెల్లింగ్టన్ డ్యూక్ విజయం. ఆయన వైపు వాళ్ళకి ఇది మింగుడు పడలేదు.

1838లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్లో మోడల్ పెట్టారు. టికెట్ ఒక షిల్లింగ్. జనం విరగబడి చూశారు, కానీ సైబోర్న్ అప్పులు తీరలేదు. చివరికి వేల కొద్దీ ప్రష్యన్ల బొమ్మల్ని ఆయనే మోడల్ మీంచి తీసేశాడు.

ఎందుకు తీశాడు? ఒత్తిడికి లొంగాడని కొందరు చరిత్రకారులు అంటారు. కాదు, కొత్త ఆధారాలు చూసి నిజంగానే మనసు మార్చుకున్నాడని ఇంకొందరు. నాకైతే రెండూ కలిసే పనిచేశాయనిపిస్తుంది. అప్పుల్లో ఉన్న ఆఫీసర్, అవతల దేశంలోకెల్లా పెద్ద హీరో. అలాంటి చోట "నా మనసే మారింది" అన్న మాటని ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి.

సైబోర్న్ 1849లో చనిపోయాడు. మోడల్ ఇప్పుడు లండన్ చెల్సీలో, నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. ఆఫీసర్ల జవాబుల్లో చాలావాటిని ఆయన కొడుకు 1891లో పుస్తకంగా వేశాడు. వాటర్లూ మీద ఎవరు ఏం రాయాలన్నా ఇప్పటికీ ఆ ఉత్తరాలు తిరగెయ్యాల్సిందే. అసలు ఉత్తరాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, పంటల సంగతితో సహా.